పెరట్లో బైకు షెడ్డు కట్టేముందు నేల సంగతి చూడాలి

క్లుప్తంగా: రేకుల షెడ్డు వేస్తే బైకు వానకు తడవదు, దారిన పోయేవారి కంట పడదు. దొంగను ఆపడం మాత్రం వేరే పని. ఆ పని చేసేవి కాంక్రీటు నేల, అందులో పాతిన కడియం, దానికి కట్టిన గొలుసు, తలుపు బందులు. ఖర్చు కూడా ఆ వరుసలోనే పెట్టడం మేలు. కోస్తాలో గాలి, ఉప్పు తేమ, తెలంగాణ, రాయలసీమల్లో ఎండ, నల్లరేగడి నేల షెడ్డు ఎంపికను మారుస్తాయి. షెడ్డు ఎంత గట్టిదైనా, దొంగతనానికి వర్తించే బీమా ఉందో లేదో విడిగా చూసుకోవాల్సిందే.

సొంత ఇల్లున్న చాలామందికి బైకు పెట్టుకునే చోటు ఇంకా ఒక సమస్యే. కారు పోర్టికోను ఆక్రమిస్తుంది. మెట్ల కింద ఇన్వర్టరు, మోటారు ఉంటాయి. బైకు గేటు ముందు వీధిలోనో, పక్క సందులోనో నిలబడుతుంది. ఒక రాత్రి వీధిలో ఎవరిదో బండి పోయిందని తెలిశాక పెరట్లో షెడ్డు వేయించాలన్న ఆలోచన వస్తుంది. వెల్డింగ్ దుకాణంలో అడిగితే రేకుల మందం, చదరపు అడుగు ధర చెబుతారు. ఆన్‌లైన్‌లో చూస్తే ప్లాస్టిక్ షెడ్లు, మడత గుడారాలు, బిగించుకునే ఇనుప షెడ్లు కనిపిస్తాయి. అన్నిటి మీదా ‘భద్రత’ అనే మాట ఉంటుంది. అది వాన నుంచి భద్రతా, దొంగ నుంచి భద్రతా అన్నది ఎక్కడా విడమరచరు. గందరగోళమంతా అక్కడే మొదలవుతోంది.

దొంగ పని ఎలా సాగుతుంది

బైకు హ్యాండిలు లాకు లోపల ఉండేది ఒక చిన్న ఇనుప పిన్ను. తాళం తిప్పినప్పుడు అది ముందుకు వచ్చి హ్యాండిలు కాండంలోని గాడిలో కూర్చుంటుంది. హ్యాండిలును బలంగా ఒక పక్కకు తంతే ఆ పిన్ను వంగిపోతుంది లేదా విరుగుతుంది. తర్వాత ఇగ్నిషన్ వైర్లు కలిపితే ఇంజను లేస్తుంది. పాతబడి అరిగిన తాళానికి మరో బండి తాళంచెవి కూడా పట్టేస్తుంది. కంపెనీ ఇచ్చిన లాకును పూర్తి రక్షణగా లెక్కవేయకూడదన్నది ఇందుకే.

బండిని స్టార్టు చేయకుండానే తీసుకుపోవడం రెండో దారి. హీరో స్ప్లెండర్ ప్లస్ బరువు సుమారు 112 కిలోలు. ఇద్దరు మనుషులు ఎత్తి ట్రాలీ ఆటోలో పడేయగల బరువది. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 సుమారు 195 కిలోలు తూగుతుంది కాబట్టి ఎత్తడం కష్టమే కానీ, చక్రాలు తిరుగుతుంటే తోసుకుపోవడానికి ఒకరు చాలు.

దొంగ లెక్క వేసుకునేవి మూడు: పట్టే సమయం, వచ్చే చప్పుడు, చూసే కళ్లు. ఈ మూడింటినీ పెంచే షెడ్డే మంచి షెడ్డు. ఇక్కడే ఒక చిక్కు ఉంది. షెడ్డు బైకును వీధి నుంచి దాచినట్టే, లోపలికి వచ్చిన దొంగనూ దాచిపెడుతుంది. బయటి తాళం తెంపి లోపల దూరి తలుపు దగ్గరగా వేసుకుంటే, అతను ఎంతసేపు పనిచేసినా పక్కింటివారికి కనిపించడు. వీధిలో దీపం కింద నిలబెట్టిన బండి కన్నా, లోపల ఏ కట్టూ లేకుండా షెడ్డులో వదిలిన బండి తేలిగ్గా పోయే సందర్భాలు ఉంటాయి. అందుకే తలుపు తాళాన్ని మొదటి అడ్డంకిగా మాత్రమే చూడాలి. అసలు అడ్డంకి లోపల, నేలకు ఉండాలి.

నేల, కడియం, గొలుసు

పెరళ్లలో సాధారణంగా ఉండేది మట్టి, లేదా ఇసుక మీద పరచిన షాబాద్, తాండూరు, కడప బండలు. ఇసుక మీద పరచిన బండను గునపంతో ఒక మూల నుంచి లేపితే లేచి వస్తుంది. దానికి రింగు బిగిస్తే బండతో సహా ఊడి వస్తుంది. పలచని సిమెంటు గచ్చుకు బిగించిన యాంకర్ బోల్టు పరిస్థితీ అంతే. గచ్చు రెండంగుళాలు లేనప్పుడు బోల్టు ఎంత మంచిదైనా పట్టుకోవడానికి దానికి ఆధారం ఉండదు.

బలమైన పద్ధతికి పెద్ద సాంకేతికత అక్కరలేదు. అడుగు వెడల్పు, అడుగు పొడవు, అడుగున్నర లోతు గుంత తీసి అందులో కాంక్రీటు నింపితే, ఆ దిమ్మె ఒక్కటే 100 కిలోల దాకా బరువు ఉంటుంది. 16 నుంచి 20 మిల్లీమీటర్ల నున్నటి ఇనుప కడ్డీని తలకిందులైన యు ఆకారంలో వంచి, కింది రెండు కాళ్లను బయటికి మడిచి, కాంక్రీటు పచ్చిగా ఉన్నప్పుడే దిమ్మెలో పాతాలి. మడిచిన కాళ్లు లేకపోతే కడ్డీని అటూ ఇటూ కదిపి లాగేయవచ్చు. పైకి కనిపించే కడియం సందు గొలుసు లింకు దూరేంతే ఉండాలి. ఎక్కువ సందు ఉంటే గునపం మొన దూరుతుంది, దాంతో మెలితిప్పే వీలు దొరుకుతుంది. పోసిన తర్వాత కనీసం వారం రోజులు నీళ్లు పెట్టాలి. మూడో రోజుకే బండిని లోపల పెట్టాలన్న తొందరలో చాలా ఇళ్లలో ఈ క్యూరింగ్ ఎగ్గొడతారు. కాంక్రీటు బలం పెరిగేది సరిగ్గా ఆ రోజుల్లోనే.

నల్లరేగడి నేలలో ఇంకొక జాగ్రత్త కావాలి. ఆ మట్టి వానలకు ఉబ్బుతుంది, ఎండలకు కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. దాని మీద నేరుగా గచ్చు పోస్తే ఏడాది తిరిగేలోపు పగుళ్లు వస్తాయి, తలుపు చట్రం వంకరపోయి గడియ పడదు. పైమట్టి తీసేసి మొరం నింపి, తడిపి, దిమ్మిస కొట్టిన తర్వాతే కాంక్రీటు పోయాలి. పెరటి మట్టం కన్నా నేలను ఆరంగుళాలు ఎత్తు పెడితే వాన నీరు లోపలికి రాదు. బండి ఎక్కడానికి కనీసం నాలుగడుగుల వాలు వదలాలి.

ఇక గొలుసు. మన బజారులో తాళాన్ని లివర్ల సంఖ్య చూసి కొనే అలవాటు బలంగా ఉంది. లివర్లు ఎక్కువైతే దొంగ తాళంచెవితో తెరవడం కష్టమవుతుంది, నిజమే. కానీ షెడ్డు దొంగ చెవులు ప్రయత్నిస్తూ కూర్చోడు, కోస్తాడు లేదా పెకలిస్తాడు. కాబట్టి చూడాల్సింది కడ్డీ మందం, ఉక్కును గట్టిపరిచారా లేదా అన్నది. 10 మిల్లీమీటర్ల లోపు లింకులున్న గొలుసు పొడవాటి చేతుల బోల్టు కట్టరుకు లొంగిపోతుంది. 16 మిల్లీమీటర్ల గట్టిపరిచిన ఉక్కు గొలుసును చేతి కట్టరుతో తెంపడం దాదాపు అసాధ్యం. అయితే అది మీటరుకు 5 కిలోల పైనే తూగుతుంది. బండి మీద మోసుకు తిరిగేది కాదు, షెడ్డులోనే శాశ్వతంగా కడియానికి ఉండిపోయేది. షెడ్డు వల్ల కలిగే అసలు లాభాల్లో ఇదొకటి: వెంట తీసుకెళ్లలేనంత బరువైన గొలుసును వాడుకోవచ్చు.

బ్రిటన్‌లో ఈ విషయంలో కొనేవారికి ఒక ఆసరా ఉంది. అక్కడ 1992లో పోలీసుల చొరవతో మొదలైన సోల్డ్ సెక్యూర్ అనే సంస్థ తాళాలను, గొలుసులను, నేల కడియాలను పనిముట్లతో పగలగొట్టి చూసి బ్రాంజ్, సిల్వర్, గోల్డ్, డైమండ్ శ్రేణులు ఇస్తుంది. బీమా కంపెనీలు కూడా వాటిని అడుగుతాయి. అక్కడ స్థిరపడిన తెలుగువారు తోటలో చెక్క షెడ్డు కొనేటప్పుడు ముందుగా చూసుకోవాల్సిన ముద్ర అదే. మన దుకాణాల్లో గొలుసుల మీద అలాంటి శ్రేణి మామూలుగా కనిపించదు. మందం కొలిచి చూసుకోవడం కొనేవారి పనే అవుతోంది.

గొలుసు ఎక్కడ వేయాలన్నదీ ముఖ్యమే. ముందు చక్రానికి వేస్తే యాక్సిల్ నట్టు విప్పి చక్రాన్ని అక్కడే వదిలేసి మిగతా బండిని తీసుకుపోవచ్చు. వెనక చక్రం ఆకుల మధ్య నుంచి, స్వింగ్ ఆర్మ్ లోపలి సందు గుండా, లేదా ఇంజను చుట్టూ ఉన్న ఫ్రేము గొట్టంలోంచి తీయాలి. గొలుసు నేల మీద పడి ఉండకూడదు. నేల మీద ఉన్న లింకును సుత్తితో కొట్టవచ్చు, కట్టరు ఒక చేతిని నేలకు ఆనించి ఒంటి బరువంతా వేసి నొక్కవచ్చు. గాలిలో బిగువుగా ఉన్న గొలుసుకు ఆ ప్రమాదం తక్కువ. బ్యాటరీ గ్రైండరు దేన్నయినా కోస్తుందన్న మాట నిజం. కానీ అర్ధరాత్రి ఆ మోత, ఆ నిప్పురవ్వలు దాచలేనివి. 16 మిల్లీమీటర్ల లింకును రెండు వైపులా కోయడానికి పట్టే సమయమే ఇంట్లోవారికి దక్కే అవకాశం.

తలుపు ఎక్కడ ఓడిపోతుంది

తలుపును తాళం దగ్గర పగలగొడతారని అందరూ అనుకుంటారు. తరచూ ఓడిపోయేది బందుల దగ్గర. వెల్డింగ్ దుకాణాల్లో చేసే ఇనుప తలుపులకు పిన్ను బందులు వేస్తారు. కింది సగం చట్రానికి, పై సగం తలుపుకు అతికి ఉంటుంది, తలుపు ఆ పిన్ను మీద కూర్చుంటుంది. తలుపు కింద గునపం పెట్టి రెండంగుళాలు లేపితే తాళం వేసింది వేసినట్టే ఉండగా తలుపు మొత్తం ఊడి చేతికొస్తుంది. పై బందు మీద చట్రానికి చిన్న ఇనుప ముక్క వెల్డింగ్ చేయిస్తే తలుపు పైకి లేవదు. పది నిమిషాల పని. పని అప్పగించేటప్పుడే దీన్ని అడగాలి, లేకపోతే ఎవరూ తమంతట తాము చేయరు.

రెండో బలహీనత ఆల్‌డ్రాపు. చెక్క తలుపుకైనా, పలచని రేకు తలుపుకైనా దాన్ని స్క్రూలతో బిగిస్తే స్క్రూ డ్రైవరే తాళంచెవి అవుతుంది. బోల్టు తల బయట, నట్టు లోపల ఉండాలి. తల గుండ్రంగా, స్పానరు పట్టనిదై ఉండాలి. ఇనుప తలుపైతే వెల్డింగే మేలు. కప్ప తాళం పై వంపు కడ్డీ ఎంత తక్కువగా బయటికి కనిపిస్తే అంత మంచిది. తాళం చుట్టూ ఇనుప పెట్టె లాంటి తొడుగు వెల్డింగ్ చేయిస్తే కట్టరు మూతి దూరదు.

రోలింగ్ షట్టరు చూడ్డానికి దిట్టంగా ఉంటుంది. రెండు చివర్లా తాళాలు వేస్తారు కానీ మధ్యభాగానికి పట్టు ఉండదు. దుకాణాల దొంగతనాల్లో షట్టరును మధ్యలో జాకీతో లేపి దూరడం తెలిసిన పద్ధతే. షట్టరు వేయించేవారు మధ్యలో నేలకు పడే మూడో లాకు తప్పక పెట్టించాలి.

గోడ, రేకు, కప్పు

రేకుల మందం సాధారణంగా 0.35 నుంచి 0.5 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. ఈ రెండింటికీ మన్నికలో తేడా ఉంది, దొంగ విషయంలో పెద్ద తేడా లేదు. రేకు కత్తెర రెండింటినీ కోస్తుంది. పైగా చాలా షెడ్లలో కోయాల్సిన అవసరమే రాదు. రేకులను బిగించే స్క్రూల తలలు, జె బోల్టుల నట్లు బయటికే ఉంటాయి. ఒక రేకు విప్పితే మనిషి దూరే దారి ఏర్పడుతుంది. యాంగ్లర్ల చట్రానికి లోపలి నుంచి రెండంగుళాల గళ్ల వెల్డ్‌మెష్ వెల్డింగ్ చేయిస్తే రేకు పోయినా జాలీ మిగులుతుంది. రేకు మందం పెంచడానికి పెట్టే డబ్బును జాలీకి పెడితే ఫలితం ఎక్కువ.

సిమెంటు రేకు చవక, రేకంత వేడెక్కదు. కానీ సుత్తి దెబ్బకు పగులుతుంది. ఆస్బెస్టాస్ కలిసిన రేకు పగిలినా, కోసినా లేచే దుమ్ములోని నారలు ఊపిరితిత్తులకు హాని చేస్తాయి. ఇంటి పెరట్లో కొత్తగా వేయడానికి అది తగిన ఎంపిక కాదు. ప్లాస్టిక్ షెడ్డు, మడత గుడారం వానకూ దుమ్ముకూ పనికొస్తాయి. నేల కడియం, గొలుసు ఉన్నచోట వాటినీ వాడవచ్చు, అవి లేకుండా వాడితే బైకుకు కవరు వేసినట్టే. చోటు, అనుమతి రెండూ ఉంటే నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, పైన రేకు, లోపల జాలీ అన్నిటికన్నా దీటైన కలయిక. ప్రహరీని ఒక వైపు గోడగా వాడుకుంటే ఖర్చు తగ్గుతుంది. అయితే పక్క స్థలం ఖాళీదైతే ప్రహరీ మీది నుంచి కప్పు విప్పడం తేలికవుతుంది.

తుపాను గాలి చేసే పని

కోస్తా జిల్లాల్లో షెడ్డుకు దొంగ కన్నా పెద్ద శత్రువు గాలి. భారత ప్రమాణాల ప్రకారం కట్టడాలకు లెక్కవేయాల్సిన మూల గాలి వేగం విశాఖపట్నం, విజయవాడ, నెల్లూరుల్లో సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. హైదరాబాద్‌లో అది 44 మీటర్లు. 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్ తుపాను గాలులు ఇంచుమించు ఆ 180 స్థాయివే.

50 మీటర్ల వేగంతో వీచే గాలి చదరపు మీటరుకు సుమారు 150 కిలోల బరువుతో సమానమైన ఒత్తిడి కలిగిస్తుంది. పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు ఉన్న కప్పు వైశాల్యం సుమారు 5.6 చదరపు మీటర్లు. ఒత్తిడిలో సగమే పైకి లాగే బలంగా మారిందనుకున్నా 400 కిలోలు దాటుతుంది. ఆ కప్పు రేకుల బరువు పాతిక కిలోల చిల్లర. మిగతా బలాన్నంతా మోయాల్సింది బోల్టులు, స్తంభాల అడుగున ఉన్న కాంక్రీటు. నేల మీద ఊరికే నిలబెట్టిన రెడీమేడ్ షెడ్డు తుపాను రోజున బైకును కాపాడదు, దాని మీదే పడుతుంది. ఒక వైపు పూర్తిగా తెరిచి ఉంచే షెడ్డులోకి గాలి దూరి కప్పును లోపలి నుంచి కూడా నెడుతుంది కనుక, సముద్రం దిక్కుకు తెరిచిన షెడ్డు మరీ ప్రమాదకరం. ఆసరాగా రాళ్లు, ఇసుక బస్తాలు కప్పు మీద పెట్టే అలవాటు కూడా మంచిది కాదు. రేకు లేచినప్పుడు అవి పక్కింటి మీద పడతాయి.

కొలతలు, చోటు

క్లాసిక్ 350 పొడవు సుమారు ఏడడుగులు, వెడల్పు రెండున్నర అడుగుల పైన. బండి పట్టే కొలత, మనిషి పక్కన నడుస్తూ తోయగలిగే కొలత వేర్వేరు. లోపల తొమ్మిదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, తలుపు కనీసం మూడున్నర అడుగులు ఉంటే ఒక బండికి ఇబ్బంది ఉండదు. ఇరుకైన షెడ్డులో గొలుసు వేయడం ప్రతిరోజూ ఒక కుస్తీ అవుతుంది. కుస్తీ అయిన పని నెల తిరిగేసరికి ఆగిపోతుంది. భద్రతకు వెడల్పు అవసరమన్నది ఆ కోణంలోనే.

వాస్తు పాటించేవారు ఈశాన్యాన్ని ఖాళీగా వదిలి షెడ్డును వాయవ్యానికో ఆగ్నేయానికో తీసుకెళతారు. ఏ మూలైనా అక్కడి చప్పుడు పడకగదికి వినిపించాలి, తలుపు ఇంటి కిటికీల్లో ఒకదానికైనా కనిపించాలి. కదలికకు వెలిగే దీపం తలుపు ఎదుట పెట్టడం చవకైన, పనిచేసే ఉపాయం. ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ స్థలంలో శాశ్వత కట్టడం వేస్తే అతిక్రమణగా చూసే వీలుంది కనుక, మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో ముందే అడగాలి.

తేమ, ఎండ, ఎలుకలు

చలికాలం తెల్లవారుజామున రేకు చల్లబడి లోపలి గాలిలోని తేమ దాని అడుగున చుక్కలు కడుతుంది. ఆ చుక్కలు బండి మీదే పడతాయి. ఒక గోడకు కింద, ఎదురు గోడకు పైన గాలి రంధ్రాలు ఉంటే ఇది చాలావరకు తగ్గుతుంది. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు కాబట్టి కింది రంధ్రం తప్పనిసరి. సన్నటి జాలీ బిగిస్తే ఎలుకలు రావు. వైర్ల తొడుగు కొరికి వేలల్లో ఖర్చు తెప్పించేవి అవే. సముద్ర తీరంలో రేకు తుప్పు కోసిన అంచుల దగ్గర, స్క్రూ రంధ్రాల దగ్గర మొదలవుతుంది. జింక్ ప్రైమరు పూయాల్సింది ముందుగా అక్కడ. లోపల కూడా ప్లాస్టిక్ కవరు కప్పితే తేమ బండి మీదే నిలిచిపోతుంది, నూలు దుప్పటి చాలు. వేసవిలో రామగుండం, ఖమ్మం వైపు రేకుల షెడ్డు లోపలి వేడి బయటి 45 డిగ్రీలను మించుతుంది. పెట్రోలు వ్యాకోచిస్తుంది కాబట్టి ట్యాంకును మూతి దాకా నింపి అందులో పెట్టకూడదు.

ఎలక్ట్రిక్ బండి అయితే

2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో రేగిన మంటల పొగ పైనున్న హోటల్‌ను కమ్మి 8 మంది చనిపోయారు. ఆ ఏడాది డిసెంబరు నుంచి బ్యాటరీల భద్రతా ప్రమాణం ఏఐఎస్-156 కఠినమైంది. అయినా మూసిన రేకుల షెడ్డులో రాత్రంతా చార్జింగ్ పెట్టే ముందు ఆలోచించాలి. పెట్రోలు బండి, చార్జింగ్‌లో ఉన్న బండి ఒకే మూసిన గదిలో పక్కపక్కన ఉండకూడదు. తీసే వీలున్న బ్యాటరీని వేడి రేకుకు దూరంగా, గాలి ఆడే చోట చార్జి చేయాలి. ఇనుప షెడ్డులోకి కరెంటు తీసుకెళితే షెడ్డుకు ఎర్తింగ్, లైనుకు ఆర్‌సీసీబీ ఉండి తీరాలి. వైరు తొడుగు చిట్లితే షెడ్డు మొత్తం విద్యుత్ ప్రవహించే గోడ అవుతుంది. వానాకాలం తడి చేత్తో తలుపు పట్టుకునేది ఇంట్లోవారే.

షెడ్డు ఆపలేనప్పుడు

2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి అయింది. దాంతో ఒక అపోహ పెరిగింది. కాగితం మీద ఐదేళ్లు కనిపిస్తుంది కాబట్టి బండి పోయినా డబ్బు వస్తుందనుకుంటారు. థర్డ్ పార్టీ బీమా ఎదుటివారికి కలిగిన నష్టానికే. దొంగతనానికి వర్తించేది సొంత నష్టం భాగం. చాలా పాలసీల్లో అది ఏడాదికే ఉంటుంది, ఆ తర్వాత పునరుద్ధరించుకోవాలి. వచ్చే మొత్తం కూడా కొన్న ధర కాదు. రెండేళ్లు దాటి మూడేళ్ల లోపు బండికి 30 శాతం, నాలుగేళ్లు దాటి ఐదేళ్ల లోపు బండికి 50 శాతం తరుగు తీసిన విలువే లెక్క.

బండి పోతే వెంటనే పోలీసులకు ఫిర్యాదు చేయాలి. ఎఫ్ఐఆర్ వెంటనే నమోదైనప్పుడు బీమా కంపెనీకి తెలపడంలో జరిగిన ఆలస్యం ఒక్కటే క్లెయిము తిరస్కరించడానికి కారణం కాదని సుప్రీంకోర్టు 2020లో గుర్‌షిందర్ సింగ్ కేసులో చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఆస్తి భద్రపరిచే కట్టడంలో జరిగిన దొంగతనం 305వ సెక్షన్ కిందికి వస్తుంది. శిక్ష ఏడేళ్ల దాకా ఉంటుంది. కాబట్టి బండి షెడ్డులోంచే పోయిందన్న వివరం ఫిర్యాదులో స్పష్టంగా రాయించాలి.

బీమా కంపెనీలు రెండు తాళంచెవులూ అడుగుతాయి. రెండోదాన్ని షెడ్డులోనే మేకుకు తగిలించే అలవాటు ఇక్కడ రెండు విధాలా దెబ్బతీస్తుంది: దొంగకు పని తగ్గుతుంది, యజమానికి క్లెయిము చిక్కులో పడుతుంది. రెండో చెవి, ఆర్‌సీ, గొలుసు తాళం కొన్న రసీదు ఇంట్లో బీరువాలో ఉండాలి. కడియం పాతేటప్పుడు, తలుపు బిగించాక, గొలుసు వేసి బండి నిలబెట్టాక తీసిన ఫొటోలు ఫోనులో ఉంచుకుంటే, బండిని జాగ్రత్తగానే పెట్టామని చూపించడానికి అవి పనికొస్తాయి.